గోడకు తగలని అరుగు

జూన్ 4, 1978. ఆదివారం. నంద్యాల.

మీరు చెప్పింది తప్పు. వెనక వాకిలికి మెట్లు మూడు కాదు, నాలుగు. ఇంటికి వచ్చిన ప్రతివాడికీ "మూడు మెట్లు దిగితే కాలువ గట్టే" అని చెప్పుకున్నారు. కాలువ ఓవర్సీరుగా పనిచేసిన మనిషికి కొలత తప్పుతుందా అని నేనూ ఊరుకున్నాను. ఇవాళ వడ్రంగి భీమన్న గుంత తవ్వుతుంటే నాలుగో మెట్టు బయటపడింది. ఏటేటా దొడ్డిమట్టి లేచి దాన్ని మింగేసింది. మీకు చెప్పాను. పైకప్పు చూస్తూ పడుకున్నారు.

ఇది మీకు చదివి వినిపించడానికి రాయడం లేదు. మారుమాట చెప్పలేని మనిషితో వాదించడం న్యాయం కాదు. రాసుకోవడంలో దోషం లేదు. శివరాత్రి మరునాడు మీ కుడిచెయ్యీ, కుడికాలూ, మాటా ఒక్కసారే సెలవు పెట్టాయి. అప్పటినుంచి నేను చెప్పింది అడ్డు రాకుండా వినే శ్రోత మీరొక్కరే. నలభై ఏళ్ళ కాపురంలో ఇది కొత్త. అంత బాగా లేదు.

ఉగాదికి మీ రొమ్ముకు నెమ్ము చేసినప్పుడు డాక్టరు రెండు మాటలు చెప్పాడు. గది పొడిగా ఉండాలి. పొద్దునా సాయంత్రం బయట కూర్చోబెట్టాలి, పడుకునే ఉంటే కఫం పేరుకుంటుంది. "ఇంకోసారి నెమ్ము వస్తే నేను మాట ఇవ్వలేనమ్మా" అన్నాడు. సైకిలు అంగడివాళ్ళు మన పేముకుర్చీకి చిన్న చక్రాలు బిగించి ఇచ్చారు. మీ మంచం నుంచి వెనక వాకిలి దాకా నేల సమంగా ఉంది. ఆ తర్వాతే మెట్లు. చక్రాలకు మెట్లు దిగడం రాదు.

అందుకని గడపకు సమంగా, మెట్లకు ఒక పక్క మనిషి దిగేంత వదిలి, కాలువ వైపుకు, పలకల అరుగు కట్టిస్తున్నాను. ఆళ్ళగడ్డకు వచ్చేయమంటాడు మన అబ్బాయి రామమోహన్. వాళ్ళ ఇల్లు రోడ్డుకు సమంగా ఉందట. ఉంటే? అక్కడ కూర్చుంటే కనబడేవి బస్సులు. మీరు బస్సుల కోసం పుట్టిన మనిషి కారు.

జూన్ 11.

అరుగు పూర్తయింది. పాత ఇంటి టేకు దూలాలు రెండు అటక మీద ఉండేవి కదా, అవే. గోడలో గూళ్ళు తొలిచి ఒక కొస అందులోకి దూర్చాడు భీమన్న. రెండో కొస కాలువ వైపు స్తంభాల్లా నాటిన రాతికూసాల మీద మోపాడు. వాటి మీద పలకలు, గాలి కూడా దూరనంత దగ్గరగా. బొమ్మ గీసింది నేను.

అరుగుకూ గోడకూ నడుమ వేలెడు సందు మిగిలింది.

"దీంట్లో ఏం కూరేది టీచరమ్మా?"

"చౌడు పెట్టు."

"అదే మంచిది. చౌడుకు మించింది ఏముండాది."

మిద్దె మీద మన పనిమనిషి ఎర్రమ్మ ప్రతి వేసవిలో పరిచే తెల్లటి ఉప్పుమట్టే. ఈ ఊళ్ళో మట్టి మిద్దెలన్నీ వానకు కారకుండా నిలిచేది దాని పుణ్యమే. నెత్తిన కాసేది పక్కన కాయదా అన్నాను. ఎర్రమ్మ తట్ట నిండా తెచ్చి సందులో పోసి మడమతో తొక్కింది.

పక్కింటి ఆదిలక్ష్మమ్మ ప్రహరీ మీదుగా తల పెట్టింది. వాళ్ళాయన వక్కల అంగడిలో కూర్చుంటే, ఈవిడ మన ప్రహరీ దగ్గర కూర్చుంటుంది.

"ఏంది టీచరమ్మా, దొడ్లో స్టేజీ కట్టించినావు? నాటకం ఆడిస్తాండావా?"

"శూర్పణఖకు మనిషి దొరకలేదు. వస్తావా?"

"అమ్మో, నా ముక్కు నాకు కావల్ల. నీ ఇంట్లో ఏం వండుతాండావో ఎట్ల తెల్సుకునేది?"

మిమ్మల్ని కుర్చీలో అరుగు మీదికి తోశాను. కాలువ ఎండి ఉంది. అందులో ఎనుములు నడిచిపోతున్నాయి. మీరు ఎడమ అరచెయ్యి బోర్లించి మెల్లగా ముందుకు జరిపారు. నీళ్ళెప్పుడు అని. జూలై ఆఖరుకో, ఆగస్టు మొదటికో అన్నాను. తల ఊపారు. మూడు నెలల్లో మీరు నన్ను అడిగిన మొదటి ప్రశ్న.

జూన్ 19.

వాన, గంటసేపు. అరుగు ఇసుమంతైనా కదల్లేదు. చౌడు రాయిలాగా ఉంది. బొమ్మ గీసింది నేనే అని రాశానా?

జూన్ 27.

మీ మంచం పక్క గోడకు, మోకాలెత్తున, పళ్ళెమంత మచ్చ. చెయ్యి పెడితే చల్లగా ఉంది. ఆదిలక్ష్మమ్మ స్నానాల జాలాడి ప్రహరీకి అవతలే ఉంది. నాకు ఇరవై ఏళ్ళుగా దాని మీద అనుమానం.

జూన్ 28.

అడిగాను.

"మా జాలాడి నీళ్ళు వీధి కాలవలోకి పోతాయి. మీ ఇంట్లోకి ఏం పని?"

"దారి తప్పి వస్తున్నాయేమో."

"మా ఇంట్లో నీళ్ళకు గూడా బుద్ధి ఉండాది టీచరమ్మా. మీ గోడ తడిస్తే మీ గోడను అడుగు."

జూలై 1.

ప్రయోగం. ఆదిలక్ష్మమ్మ అనుమతితో, ఆవిడ సమక్షంలో, ఆవిడ జాలాడిలో చెంబెడు నీలిమందు నీళ్ళు పోశాను. బట్టలకు పెట్టే నీలమే, నాలుగింతలు చిక్కగా. నీలం బుద్ధిగా వీధి కాలవలోకి పోయింది. మన గోడకు సాయంత్రం దాకా ఒక్క చుక్క రాలేదు.

ఆదిలక్ష్మమ్మ పొద్దుగుంకే దాకా నాతో పాటు గోడ ముందు కూర్చుంది, తాంబూలం వేసుకుంటూ. "ఇప్పుడేమంటావు?" అంది. ప్రయోగం విఫలమైంది అన్నాను. తర్వాత సిగ్గేసింది. ప్రయోగం ఎప్పుడూ విఫలం కాదు, మన ఊహ విఫలమవుతుంది అని ముప్పై ఏళ్ళు ఆడపిల్లలకు చెప్పి రిటైరయ్యాను.

జూలై 2. ఆదివారం.

రామమోహన్ పొద్దుటి బస్సుకు వచ్చాడు. గోడ తడిమి, "అమ్మా, ఇది నీ అరుగు పని" అన్నాడు.

"మిద్దె కారి ఉంటుంది."

"మిద్దె కారితే పైన తడవల్ల. ఈడ కింద తడుస్తాంది."

"వాడు సొసైటీలో ఎరువుల మూటలు చూసుకునేవాడు, వాడికి గోడల సంగతేం తెలుసు" అని మీతో అన్నాను. మీరు నా వైపు చూడలేదు. గోడ వైపు చూశారు.

వాడు వెళ్ళాక నిచ్చెన తెప్పించి పైకెక్కి చూశాను. గోడ పైభాగం ఎండు. మిద్దె తప్పు లేదు. ఇప్పుడు ఇంకెవరున్నారు?

జూలై 6.

గోడ గురించి ఇవాళ ఏమీ రాయను.

జూలై 7.

మీకు దగ్గు. పొడిదగ్గే, గాలి మారింది కదా అని ఎర్రమ్మతో అన్నాను. నాతో కూడా అన్నాను.

మధ్యాహ్నం మీరు నిద్రపోయాక గోడ ముందు చతికిలబడ్డాను. సున్నం పెచ్చు లేచిన చోట తెల్లటి నూగు పట్టింది. వేలితో తీసి నాలుక మీద వేసుకున్నాను. ఉప్పు. గోడకు చెమట పట్టదు. ఆదిలక్ష్మమ్మ జాలాడిలో సబ్బు ఉంటుంది, ఉప్పు ఉండదు. ఉప్పుమట్టి ఈ ఇంటికి రెండు చోట్లే ఉంది. ఒకటి నెత్తిన. రెండోది నేను పెట్టించిన చోట.

ఎనిమిదో తరగతికి ఏటా ఇదే పాఠం చెప్పేదాన్ని. సిరాబుడ్డిలో సుద్దముక్క నిలబెడితే సిరా తనంతట తానే పైకి పాకుతుంది. పిల్లలు నోళ్ళు తెరుచుకుని చూసేవాళ్ళు. మట్టీ రాయీ కలిపి కట్టిన గోడ పెద్ద సుద్దముక్క కాక మరేమిటి? దానికి ఆనించి మీ మంచం వేయించాను. మిద్దె మీది చౌడు తడిసినా పైన ఎండ ఉంది, గాలి ఉంది, ఆరిపోతుంది. సందులో కూరిన చౌడుకు ఎండ ఎక్కడిది? తాగినదంతా దాచుకుని గోడకు పోస్తోంది.

అరుగు మీద, గోడ మొదట్లో, నీలం పోసి వచ్చాను.

జూలై 8.

నీలం వచ్చింది. గోడలో దూలం కొసలు ఉన్న చోట, సరిగ్గా వాటి కింద, రెండు చారలు. చౌడు ఒక్కటే కాదు, దూలాలు కూడా నీళ్ళను చెయ్యి పట్టుకుని ఇంట్లోకి తీసుకొస్తున్నాయి.

బొమ్మ గీసింది నేను.

జూలై 9. ఆదివారం.

డాక్టరు వచ్చి మీ రొమ్ము విన్నాడు, తర్వాత గోడ చూశాడు. "ఇంకా నెమ్ము రాలేదు. ఈ గదిలో ఉంటే వస్తుంది. గోడ ఆరేదాకా ఆయన్ను ఇక్కడ ఉంచొద్దు" అన్నాడు. రామమోహన్ కారు మాట్లాడుకొచ్చాడు. వీధి వాకిట్లో మీరు ద్వారబంధం పట్టుకున్నారు. వాడూ డ్రైవరూ కలిసి వేళ్ళు విడిపించడానికి చాలాసేపు పట్టింది. ఎడమచేతిలో ఇంత బలం ఉందని డాక్టరుకు చెప్పాలి.

గోడ ఆరబెట్టడానికి నేను ఉండిపోయాను. అరుగు తీసేస్తే గోడ బాగుపడుతుంది, మీరు గదిలో పడుకుని పైకప్పు చూస్తారు. అరుగు ఉంటే మీరు కాలువ చూస్తారు, గోడ మీ పని చూస్తుంది. ఈ రెంటిలో ఒకటి అని అందరూ అంటున్నారు. మూడోది ఏదో ఉండాలి.

జూలై 13.

చౌడంతా గీకించాను. గది కిటికీలు తీసి, మధ్యలో బొగ్గుల కుంపటి పెట్టాను.

భీమన్న తారు పూద్దామంటాడు. రామమోహన్ సిమెంటు అంటాడు. దొడ్డిగోడ మీద జానెడు జానెడు రెండూ పెట్టించి చూశాను. తారు ఎండకు కరిగి కిందికి దిగింది. సిమెంటు మట్టిగోడను పట్టుకోలేదు, నడుమ వెంట్రుక దూరే సందు వచ్చింది. నీళ్ళకు వెంట్రుక సందు రాజమార్గం.

"మరి ఏం పెడ్తాం టీచరమ్మా?" అన్నాడు భీమన్న.

ఏం పెట్టాలా అని రోజంతా ఆలోచించాను.

జూలై 17. ఆళ్ళగడ్డ.

మధ్యాహ్నం బస్సుకు వచ్చాను. మిమ్మల్ని వసారాలో, రోడ్డుకు ఎదురుగా కూర్చోబెట్టారు. మీరు బస్సుల వైపు చూడడం లేదు. పక్కింటి కుళాయి కారుతోంది, దాన్ని చూస్తున్నారు. దగ్గు తగ్గింది. కానీ మనవరాలు అహల్య నన్ను వంటింట్లోకి లాక్కెళ్ళి, "అవ్వా, తాత రెండు ముద్దల మీద తినడం ల్యా. నోరే తెరవడు" అంది. చిన్నపిల్ల కాదు, కాలేజీ చదువుతోంది. ఏడుపు ఆపుకుంటోందని తెలుస్తూనే ఉంది. నేను కలిపి పెట్టాను. నాలుగు తిన్నారు. నా చేతిలో ఏదో ఉందనుకోను, తిట్టు ఉంది, అంతే.

సాయంత్రం శిల్పుల వీధిలో నడిచాను. ఇంటింటి ముందూ రాయి కొట్టే పందిళ్ళు. వీరాచారి అనే ఆయన పందిరి చూసి ఆగిపోయాను. నాలుగు వైపులా సొంత రాతికూసాలే. ఇంటి గోడకు జానెడు దూరంలో నిలబడి ఉంది, ఎక్కడా ఆనలేదు.

"ఏమప్పా, గోడ పక్కనే ఉండగా పందిరికి వేరే కూసాలు ఎందుకు?"

"పొద్దస్తమానం సుత్తి దెబ్బలు పడ్తాంటాయమ్మా. దూలం గోడకు తగిల్తే దెబ్బ గోడకు పోతాది, ఇల్లు బీటలిస్తాది. అందుకని ఎడం."

"నీళ్ళ కోసం కాదా?"

"నీళ్ళ సంగతి నాకేం తెల్సు? నేను రాయి కొట్టేటోన్ని."

అంతలో వాన పట్టుకుంది. సగం చెక్కిన వినాయకుడి పక్కన నన్ను కూర్చోమన్నాడు. నేను కూర్చోలేదు. పందిరి మీది నీళ్ళు ఆ ఎడంలోకి ధారగా పడి, నేలలోకి ఇంకిపోతున్నాయి. చెయ్యి చాచి గోడ తడిమాను. అడుగున చిందిన తడి తప్ప పైన అంతా పొడి.

"ఏందమ్మా, గోడను అట్ల నిమురుతాండావు?"

"జ్వరం ఉందేమోనని."

ఆయన నవ్వాడు. నేను వారం రోజులుగా సందులో ఏం కూరాలా అని చూస్తున్నాను. సందును సందుగా వదిలేయాలని తోచలేదు. దెబ్బ దాటలేని చోట తడి ఎట్లా దాటుతుంది?

జూలై 18. ఆళ్ళగడ్డ.

పొద్దున మీ ముందు స్టూలు వేసి, దాని మీద రెండు అగ్గిపెట్టెలు పెట్టాను. ఒకటి ఇల్లు, ఒకటి అరుగు. వేలెడు ఎడం పెట్టి, "ఇట్లా, తగలకుండా" అన్నాను.

మీరు ఎడమచెయ్యి చాచారు. అరుగు అగ్గిపెట్టెను ఇంకా అవతలికి నెట్టారు. నేను మళ్ళీ దగ్గరికి జరిపాను, అంత ఎడంలో చక్రం పడిపోతుందని. మీరు మళ్ళీ నెట్టారు. ఈసారి నాలుగు వేళ్ళూ ఆ సందులో పెట్టి, నా వైపు చూస్తూ ముందుకూ వెనక్కూ ఆడించారు. ఊడుస్తున్నట్టు.

అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. వేలెడు సందైతే వేపాకూ మట్టీ పడి పూడిపోతుంది, మళ్ళీ అదే కథ. చెయ్యి దూరి శుభ్రం చేసేంత ఉండాలి. కాలువల్లో పూడిక తీయించి తీయించి తల నెరిసిన మనిషికి తప్ప ఎవరికి తోస్తుంది ఇది?

సరే. ఇందులో మీరు ఒప్పు. మెట్ల విషయంలో మాత్రం నేనే.

మీ నాలుగు వేళ్ళ అడ్డం దారంతో కొలిచి, తెంపి, కొంగున ముడి వేసుకున్నాను. మధ్యాహ్నం ఆరు ముద్దలు అహల్య చేత్తోనే తిన్నారు.

జూలై 24. నంద్యాల.

దూలాలు గోడలోంచి ఊడదీస్తుంటే వాటి కొసలు నల్లగా, నానిన రొట్టెలాగా ఉన్నాయి. "ఒగ నెల్లోనే ఇట్లయినాయే" అన్నాడు భీమన్న. ఆ కొసలు కోసేశాడు. గోడ వైపు కొత్తగా రెండు కూసాలు నాటాడు. గూళ్ళు రాయీ సున్నంతో మూశాడు. పలకల నడుమ ఈసారి నీళ్ళు జారేంత సందులు. అరుగు మొత్తం కాలువ వైపుకు రవ్వంత వాలు. దొడ్డిమట్టి దిగువకు తోయించాను. నాలుగో మెట్టు ఇప్పుడు పూర్తిగా బయట ఉంది, కావలసిన వాళ్ళు లెక్కపెట్టుకోవచ్చు.

గోడకూ అరుగుకూ నడుమ దారం పెట్టి చూసుకున్నాను. మీ నాలుగు వేళ్ళు.

కుర్చీ దాటడానికి విడిపలక ఒకటి. పని ఉన్నప్పుడు వేయడం, తర్వాత తీసి గోడకు దూరంగా పెట్టడం.

ఆదిలక్ష్మమ్మ వచ్చి సందులోకి తొంగి చూసింది. "ఇంత దుడ్లు పోసి కట్టించి ఇంటికి తగలకుండా పెట్టినావే. ఇంటికీ దానికీ మాటల్లేవా?"

"ఉన్నాయి. దూరం నుంచి మాట్లాడుకుంటాయి."

జూలై 30.

గోడ ఆరిందో లేదో చెయ్యికి తెలియడం మానేసింది. రోజూ తడిమి తడిమి చేతికి మొహం మొత్తింది. అందుకని కాల్చిన అప్పడం ఒకటి మచ్చ ఉన్న చోట గోడకు ఆనించి, మీద పీట అడ్డం పెట్టాను. పొద్దున తీసి చూస్తే తమలపాకులాగా వంగింది. గోడ ఆరి ఉంటే ఫెళ్ళున విరగాలి.

మెత్తబడిన అప్పడం ఎర్రమ్మ తినేసింది. ప్రయోగ సామగ్రి అని చెప్పాను. "ఉప్పు సరిపోయింది" అంది.

ఆగస్టు 2.

కాలువకు నీళ్ళు వచ్చాయట. వీధంతా గట్టు మీదికి పోయింది. నేను పోలేదు. వెనక వాకిలి మూసి ఉంచాను.

అప్పడం వంగింది.

ఆగస్టు 4.

కొంచెం తక్కువ వంగింది. లేదా నాకు అట్లా కావాలి.

వాకిలి మూసే ఉంది. చప్పుడు మాత్రం వినబడుతోంది.

ఆగస్టు 6. ఆదివారం.

మధ్యాహ్నం నుంచి వాన. జూన్‌లో పడింది దీని ముందు చినుకు. గొడుగు వేసుకుని మెట్ల మీద నిలబడి చూశాను, కాలువ వైపు కాదు, సందు వైపు. అరుగు మీది నీళ్ళు పలకల నడుమ నుంచి దిగిపోతున్నాయి. గోడ మీది నీళ్ళు గోడ మీదే జారి, సందులో పడి, వాలు పట్టుకుని పోతున్నాయి. రెండూ ఒకదాన్ని ఒకటి పలకరించుకోలేదు.

కొత్త అప్పడం పెట్టాను.

ఆగస్టు 7.

విరిగింది. చప్పుడు వంటింట్లో ఉన్న ఎర్రమ్మకు వినబడింది.

నమ్మకం చాలక ఇంకో రెండు రోజులు చూస్తాను.

ఆగస్టు 9.

విరిగింది. నిన్నా విరిగింది. డాక్టరు వచ్చి గోడకు చెంప ఆనించి, సరే అన్నాడు. రామమోహన్‌కు కబురు పంపాను. నాయన్ను తీసుకురా అని మాత్రమే చెప్పమన్నాను.

ఆగస్టు 10.

వచ్చారు. విడిపలక వేసి, వెనక వాకిలి తెరిచి, కుర్చీ తోశాను. వారం పైన చప్పుడు మాత్రం విన్న నీళ్ళను నేనూ అప్పుడే చూశాను. ఎర్రగా, గట్టు నిండా, వేపకొమ్మలు మోసుకుంటూ పోతున్నాయి. మీరు చాలాసేపు రెప్ప వేయలేదు. తర్వాత ఎడమచెయ్యి ఎత్తి మూడు వేళ్ళు చూపించారు. మూడు అడుగుల లోతు అని. నాకు రెండున్నర అనిపించింది. అన్నాను. మీరు మూడు వేళ్ళూ దించలేదు.

ఆదిలక్ష్మమ్మ చెప్పాపెట్టకుండా వచ్చి అరుగు అంచున కాళ్ళు వేలాడేసి కూర్చుంది. "మీ ఇంటాయన మూడంటాంటే మూడే టీచరమ్మా, నువ్వు వాదులాడకు" అంది. వాదులాడడానికి మనిషి దొరికాడని చెప్పలేదు నేను.

లోపలికి తీసుకొచ్చేటప్పుడు గడప దగ్గర చక్రం పట్టుకుని ఆపారు. కింద సందులోకి చూపించారు. అప్పుడే రెండు వేపాకులు పడి ఉన్నాయి.

రేపు పొద్దున ఎర్రమ్మకు చెప్పాలి: సంతలో సన్నటి ఈతపొరక ఒకటి తేవాలి, సందులోకి దూరేది. కొలత దారం లేకుండా పోతే లావుది తెస్తుంది. నా కొంగున ఉన్న దారం ఇవ్వను, పోగొడుతుంది. మీరు లేచాక మీ చేతికి మళ్ళీ కొలిచి, వేరే దారం ఇచ్చి పంపాలి.